ఇవాంజెలికల్ అంటే ఎవరు? గంగడోలు దొరకని ఒక నిర్వచనం కథ



పోయిన శుక్రవారం వీడియోలో పూర్వపక్షం గురించి మాట్లాడుకున్నాం. ఎదుటివాడి వాదాన్ని ఖండించే ముందు దాన్ని అతని కంటే బాగా చెప్పగలగాలి. వింటున్న అతను కూడా "అవును, నేననేది ఇదే" అని తలూపాలి. రామానుజుల శ్రీభాష్యంలో అద్వైతుల వాదాన్ని వివరించే భాగానికి మహాపూర్వపక్షం అనే పేరే ఉంది. ఒప్పుకోని మాటకే అంత చోటిచ్చారు వాళ్ళు.

ఈ వారం ఆ పనిని ఒక్క మాట మీద చేసి చూద్దాం. ఆ మాట "ఇవాంజెలికల్". మన గ్రూపుల్లో ఇది మూడు నాలుగు రకాలుగా తిరుగుతోంది. మతమార్పిడి చేసేవాళ్ళు అని ఒకరు వాడతారు. అమెరికాలో ట్రంప్‌కి ఓటేసేవాళ్ళు అని ఇంకొకరు. క్రైస్తవులంతా అదే అని మరొకరు. ఈ మూడూ ఒకటి కావు. ఆ మాట మోసే మనుషుల చరిత్ర రాసే పండితులు కూడా దాని అర్థం మీద నలభై ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ళ గొడవ వింటే మనకి రెండు లాభాలు. పక్కవాళ్ళ గురించి సరిగ్గా మాట్లాడటం వస్తుంది. "హిందువు అంటే ఎవరు" అని మనల్ని అడిగినప్పుడు మనమెందుకు తడబడతామో కూడా అర్థమవుతుంది.

గుంటూరులో ఒక బోర్డు

గుంటూరువాళ్ళకి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ తెలుసు. దాని వెనక ఉన్న సంఘం పేరు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. 1842లో అమెరికా నుంచి హేయర్ అనే పాస్టరు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పని, 1927లో ఆ పేరుతో సంఘంగా ఏర్పడింది. మరి వీళ్ళు మనం పైన అనుకున్న అర్థంలో ఇవాంజెలికల్సా? ఆ బోర్డు మీది మాట అంతకంటే చాలా పాతది.

గ్రీకులో "యువాంగెలియోన్" అంటే మంచి వార్త. తెలుగు బైబిల్లో దానికి పెట్టిన మాట "సువార్త". 1500ల్లో లూథర్ పోపుతో తెగదెంపులు చేసుకున్నప్పుడు, తమది సువార్త ప్రకారం నడిచే సంఘం అని చెప్పుకోడానికి అతని వైపువాళ్ళు ఈ మాట వాడారు. అప్పుడు దాని అర్థం ఒక్కటే: పోపు కింద లేనివాళ్ళం. జర్మనీలో ఇవాళ్టికీ "ఎవాంగేలిష్" అంటే మామూలు ప్రొటెస్టెంటు అనే. మనం మాట్లాడుకోబోయే రకం వాళ్ళ కోసం జర్మన్లు "ఎవాంగెలికాల్" అని వేరే మాట తయారు చేసుకోవాల్సి వచ్చింది. గుంటూరు బోర్డు మీదున్నది ఆ మొదటి అర్థం. కాబట్టి పేరులో మాట కనిపించగానే ముద్ర వేసేయకూడదు.

గంగడోలు ఉంటేనే ఆవు

ముందుకెళ్ళే ముందు ఒక పనిముట్టు తెచ్చుకుందాం. అది మన ఇంట్లోదే. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకున్న దీపిక. ఆయన తెలుగువాడే అని చెబుతారు. అందులో లక్షణం, అంటే నిర్వచనం, ఎలా ఉండాలో ఆవును పెట్టి చెప్పారు.

ఆవు అంటే కపిల వర్ణంలో ఉండేది అన్నారనుకోండి, తెల్లావు, నల్లావు బయటికి పోతాయి. ఇది అవ్యాప్తి. ఆవు అంటే కొమ్ములున్నది అంటే గేదె, మేక కూడా లోపలికి వచ్చేస్తాయి. ఇది అతివ్యాప్తి. ఆవు అంటే చీలని గిట్ట ఉన్నది అంటే ఏ ఆవుకీ సరిపోదు. ఇది అసంభవం. ఆఖరికి మిగిలేది సాస్న, అంటే మెడ కింద వేలాడే గంగడోలు. అది ప్రతి ఆవుకీ ఉంటుంది, ఆవు కానిదానికి ఉండదు.

మరి ఇవాంజెలికల్‌కి గంగడోలు ఏది? చరిత్రకారుల గొడవంతా ఇదే.

1738, లండన్‌లో ఒక సాయంత్రం

జాన్ వెస్లీ అప్పటికే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో దీక్ష పొందిన పురోహితుడు. ఆక్స్‌ఫర్డ్ చదువు. ఉపవాసాలు, ప్రార్థనలు, జైళ్ళలో సేవ అన్నీ నిష్ఠగా చేసినవాడు. మిషనరీగా అమెరికాలోని జార్జియాకి వెళ్ళాడు కూడా. ఆ ఓడ ప్రయాణంలో తుపాను వస్తే ఇంగ్లీషువాళ్ళు కేకలు పెట్టారు. మొరేవియన్లనే జర్మన్ భక్తులు మాత్రం పిల్లాపాపలతో సహా ప్రశాంతంగా కీర్తన పాడుతూ కూర్చున్నారు. ఇన్ని నియమాలు పాటించే నాకు లేని ధైర్యం వీళ్ళకెలా వచ్చింది అని వెస్లీకి పట్టుకుంది.

1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న సమావేశానికి మనసు లేకుండానే వెళ్ళాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. వింటుండగా తన గుండెలో ఏదో వెచ్చదనం కలిగిందని, క్రీస్తు తన పాపాన్నే తీసేశాడన్న నమ్మకం కుదిరిందని డైరీలో రాసుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. వెస్లీ మతం మారలేదు. చర్చి కూడా మారలేదు, చనిపోయేదాకా అదే చర్చి పురోహితుడు. కానీ ఇవాంజెలికల్ చరిత్రలో "కన్వర్షన్" అంటే మొట్టమొదట గుర్తొచ్చేది ఈ సాయంత్రమే. మన చెవికి కన్వర్షన్ అంటే మతమార్పిడి. వాళ్ళ చెవికి అది ముందుగా మనసు తిరగడం. తెలుగు క్రైస్తవులు దీన్ని "మారుమనస్సు", "రక్షణ పొందడం", "తిరిగి జన్మించడం" అంటారు. పుట్టుకతో క్రైస్తవుడై, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి పట్టుకుని "నువ్వు రక్షణ పొందావా?" అని అడుగుతారంటే కారణం ఇదే. ఆ ప్రశ్న మొదట పుట్టింది హిందువులని అడగడానికి కాదండీ, సాటి క్రైస్తవులని అడగడానికి. 1739 ఫిబ్రవరిలో జార్జ్ విట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో ఆరుబయట నిలబడి బొగ్గుగని కూలీలకి బోధించినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా క్రైస్తవ దేశంలో పుట్టినవాళ్ళే.

దాదాపు అవే రోజుల్లో అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ సంఘంలో 1734-35లో ఇలాంటి అలజడే రేగింది. ఆయన దాని గురించి రాసిన వృత్తాంతం 1737లో లండన్‌లో అచ్చైతే వెస్లీ కూడా చదివాడు. ఓడలు, ఉత్తరాలు, అచ్చుయంత్రాలు. ఈ ముగ్గురినీ కలిపిన దారం అదే. ఈ దారం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

బెబింగ్టన్ చతుర్భుజం

1989లో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు డేవిడ్ బెబింగ్టన్ ఆధునిక బ్రిటన్‌లో ఇవాంజెలికల్ ఉద్యమం గురించి ఒక పుస్తకం రాశాడు. 1730ల నుంచి 1980ల దాకా కథ. అందులో మొదటి అధ్యాయంలోనే నాలుగు గుర్తులు చెప్పాడు. ఇవాళ ఈ విషయం మీద ఎవరు రాసినా, ఒప్పుకున్నా తిట్టినా, అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఒకటి, మనసు మారాలన్న పట్టు. ఇది పైన చూశాం. రెండు, బైబిల్ మీద ప్రత్యేకమైన గురి. మన భాషలో చెప్పాలంటే అన్ని ప్రమాణాల పైన ఒకే శబ్ద ప్రమాణం. చర్చి సంప్రదాయం, బిషప్ మాట, అన్నీ దాని తర్వాతే. మూడు, సిలువ. యేసు బోధలు, మహిమలు, నడవడిక అన్నీ ముఖ్యమే గానీ, ఆయన మనుషుల పాపానికి బదులుగా సిలువ మీద చనిపోవడమే మొత్తానికి ఇరుసు. నాలుగు, ఊరికే కూర్చోకపోవడం. నమ్మినవాడు ఆ వార్త చెప్పడానికి, నలుగురికీ పనికొచ్చే పని చేయడానికి లేచి నడవాలి.

నాలుగోది మామూలుగా కనిపిస్తుంది గానీ, బెబింగ్టన్ వాదంలో అసలు బలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే మొదటి మూడూ అంతకుముందు వందేళ్ళ నాటి ప్యూరిటన్లలో కూడా ఉన్నాయి. తేడా ఏమిటి? ప్యూరిటన్ భక్తుడు "నేను నిజంగా రక్షణ పొందానా లేదా" అని ఏళ్ళ తరబడి తన మనసునే తవ్వుకుంటూ ఉండేవాడు. ఆ అనుమానమే వినయానికి గుర్తు అనుకునేవాళ్ళు. 1730ల తర్వాతివాళ్ళు మాత్రం ఆ నమ్మకం మామూలు విశ్వాసికి వెంటనే దొరికేదే అన్నారు. తన గురించి తనకి బెంగ తీరినవాడికి బోలెడంత సమయం, శక్తి మిగులుతాయి కదా! వెస్లీ జీవితమంతా గుర్రం మీద రెండున్నర లక్షల మైళ్ళు తిరిగాడని చెబుతారు. బెంగ తీరిన మనిషి తిరుగుడు అది. ఇంకో మెలిక కూడా ఉంది. అనుభవంతో తెలుసుకున్నదే జ్ఞానం అనే జాన్ లాక్ కాలపు ఆలోచన ఈ నమ్మకం వెనక పనిచేసిందని బెబింగ్టన్ అంటాడు. అంటే ఈ ఉద్యమం ఆధునిక హేతువాద యుగానికి ఎదురు తిరిగినది కాదు, ఆ యుగం బిడ్డే. దీని మీద ఎంత దుమారం రేగిందంటే, 2008లో మైకేల్ హేకిన్, కెన్నెత్ స్టీవర్ట్ కలిసి ఒక పెద్ద వ్యాస సంపుటం తెచ్చారు. ప్యూరిటన్లకీ వీళ్ళకీ మధ్య బెబింగ్టన్ చూపినంత తెగిపోయిన గీత లేదని అందులో చాలామంది వాదించారు.

ఇప్పుడు తర్కసంగ్రహం బయటికి తీద్దాం

అతివ్యాప్తి ఉందా? అస్సిసి ఫ్రాన్సిస్‌ని తీసుకోండి. 1200ల నాటి ఇటలీ సన్యాసి. ధనికుడి కొడుకు, మనసు తిరిగి అన్నీ వదిలేశాడు. సువార్తలో ఉన్నది ఉన్నట్టు బతకాలన్నాడు. సిలువ గాయాలే ఒంటి మీద కనిపించాయని భక్తులు నమ్ముతారు. ఊరూరా తిరిగి బోధించాడు. నాలుగు గుర్తులూ ఇంచుమించు సరిపోయాయి! కానీ ఆయన కేథలిక్కు, ప్రొటెస్టెంటు మాటే పుట్టని కాలం వాడు. కొమ్ములున్నవన్నీ ఆవులైపోయాయి.

అందుకే 2007లో తిమోతీ లార్సెన్ అనే చరిత్రకారుడు అయిదు ముక్కల నిర్వచనం ఇచ్చాడు. బైబిల్, సిలువ ఉంచాడు. మనసు మార్పుని, కార్యదీక్షని పరిశుద్ధాత్మ పని కింద చేర్చాడు. కానీ వాటికంటే ముందు రెండు షరతులు పెట్టాడు: ఆ మనిషి సంప్రదాయ ప్రొటెస్టెంటు అయి ఉండాలి, 18వ శతాబ్దంలో వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల నుంచి పుట్టిన ప్రపంచవ్యాప్త సంబంధాల పరంపరలో ఉండాలి. అదే, మనం గుర్తుపెట్టుకున్న దారం.

ఇది మనకి కొత్త కాదు. ఒకడు వైష్ణవుడా కాదా అంటే "ఏం నమ్ముతావు" అని అడగొచ్చు, "నీ గురుపరంపర ఏది, సమాశ్రయణం ఎవరి దగ్గర" అని కూడా అడగొచ్చు. మొదటి ప్రశ్న సిద్ధాంతం గురించి, రెండోది సంబంధం గురించి. బెబింగ్టన్ మొదటిది అడిగాడు, లార్సెన్ రెండోది కలిపాడు. పరంపర మొదలెక్కడ అన్నది మళ్ళీ ఇంకో గొడవ. డబ్ల్యు. ఆర్. వార్డ్ 1992లో వచ్చిన పుస్తకంలో, అసలు నిప్పు రాజుకున్నది ఇంగ్లండ్‌లో కాదు, కేథలిక్ పాలకుల కింద నలిగిన మధ్య ఐరోపా ప్రొటెస్టెంట్ల మధ్య అని చూపించాడు. సైలీషియా, సాల్జ్‌బర్గ్ లాంటి చోట్ల. జర్మనీలోని హాలే పట్టణం ఆ భక్తి ఉద్యమానికి పెద్ద కేంద్రం. అక్కణ్ణుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి 1730ల నాటికే బైబిల్‌ని తెలుగు చేశాడు, అది అచ్చు కాలేదు. తిరిగి వెళ్ళాక ఆయన 1746లో హాలేలో వేయించిన చిన్న పుస్తకాలనే అచ్చైన తొలి తెలుగు పుస్తకాలుగా చెబుతారు. తెలుగు అక్షరాల్లేక రోమన్ లిపిలో వేశారని కొందరంటారు, ఆ సంగతి ఇంకోసారి.

నిర్వచనం పాస్, మనిషి?

ఇప్పుడు కష్టమైన భాగం. విట్‌ఫీల్డ్, వెస్లీ ఇద్దరూ మొదటి తరం వాళ్ళు, నాలుగు గుర్తులకీ నూటికి నూరు మార్కులు. జార్జియాలో బానిసత్వం మీద మొదట నిషేధం ఉండేది. దాన్ని ఎత్తేయమని విట్‌ఫీల్డ్ గట్టిగా వాదించాడు, ఎత్తేశాక తన అనాథాశ్రమం పొలాల్లో బానిసలతో పని చేయించాడు. వెస్లీ 1774లో బానిసత్వాన్ని దుయ్యబడుతూ పుస్తకం రాశాడు. ఎడ్వర్డ్స్ ఇంట్లో బానిసలున్నారు. విలియం విల్బర్‌ఫోర్స్ ఇరవై ఏళ్ళు పార్లమెంటులో పోరాడి 1807లో బానిస వ్యాపారాన్ని ఆపించాడు. నాలుగు గుర్తుల జాబితా వీళ్ళందరినీ ఒకే గదిలో కూర్చోబెడుతుంది, మాట్లాడకుండా.

ఆ గదిలో నిజంగానే ఒకసారి గొడవ జరిగింది. 1846లో లండన్‌లో ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి పెట్టాలని బ్రిటన్, అమెరికా, ఐరోపా ప్రతినిధులు వందల మంది చేరారు. ఏం నమ్మితే సభ్యుడు అవుతాడో తొమ్మిది అంశాల పట్టిక రాసుకున్నారు, సర్దుబాట్లతో ఒప్పందం కుదిరింది. అప్పుడు ఒక బ్రిటిష్ ప్రతినిధి లేచి, బానిసల యజమానులకి సభ్యత్వం ఉండకూడదన్నాడు. అమెరికన్లు ఒప్పుకోలేదు. రోజుల తరబడి చర్చించినా తెగలేదు. చివరికి ప్రపంచ కూటమి ఆలోచనే మూలపడి, ఏ దేశం శాఖ ఆ దేశానిదైంది. అంతకు ఏడాది ముందే అమెరికా దక్షిణాది బాప్టిస్టులు, బానిసల యజమాని మిషనరీ కావొచ్చా అన్న తగాదాతో విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం 1995లో దానికి క్షమాపణ చెప్పింది.

నమ్మకాల పట్టిక తొమ్మిది అంశాల మీద కుదిరింది, మనుషుల్ని ఎలా చూస్తావన్న ఒక్క ప్రశ్న మీద విరిగింది. మరి ఆ ఒక్క ప్రశ్న నిర్వచనంలో ఉండాలా, వద్దా? ఇవాళ్టి అమెరికా చరిత్రకారుల పోట్లాటంతా ఇక్కడే తిరుగుతోంది.

నల్లజాతి చర్చిల సంగతి చూడండి. ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ అనే మాజీ బానిస, తెల్లవాళ్ళ చర్చిలో అవమానాలు పడలేక, 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘాన్ని నిలబెట్టాడు. వెస్లీ పరంపర, మారుమనస్సు, బైబిల్, సిలువ, సేవ అన్నీ ఉన్నాయి. గంగడోలు కూడా స్పష్టంగా ఉంది! అయినా అమెరికా సర్వేల్లో వాళ్ళని ఇవాంజెలికల్ గడిలో వేయరు, "నల్లజాతి ప్రొటెస్టెంటు" అని వేరే గడి. వాళ్ళలో చాలామంది కూడా ఆ పేరు తమకి వద్దంటారు. 1942లో అక్కడ ఇవాంజెలికల్స్ జాతీయ సంఘం పెట్టినప్పుడు అది తెల్లవాళ్ళ సంఘాల మధ్య జరిగిన పని. బిల్లీ గ్రాహం సభలు, పత్రికలు, కాలేజీలతో ఆ పేరు వాళ్ళకే అతుక్కుంది. 1950ల్లో నిర్వచనం చాలా తేలిక, బిల్లీ గ్రాహం అంటే ఇష్టమున్నవాడే ఇవాంజెలికల్, అని జార్జ్ మార్స్‌డెన్ అనే చరిత్రకారుడు నవ్వుతూ అంటాడు. జోకే గానీ, అది కూడా పరంపర నిర్వచనమే, గురువుని బట్టి శిష్యుణ్ణి గుర్తుపట్టడం.

1976లో జిమ్మీ కార్టర్ తాను "తిరిగి జన్మించిన" క్రైస్తవుణ్ణని చెప్పి అధ్యక్షుడయ్యాడు. గాలప్ సర్వే ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఇవాంజెలికల్ అంటే ఓట్ల లెక్కలో ఒక గడి. 2016 ఎగ్జిట్ పోల్స్‌లో ఆ గడిలోని తెల్లవాళ్ళలో సుమారు 80 శాతం ట్రంప్‌కి ఓటేశామన్నారు. పోల్ వాళ్ళు సిలువ గురించి అడగరు, "మీరు మీరనుకునేది ఏమిటి" అని అడుగుతారంతే. రయన్ బర్జ్ అనే పరిశోధకుడు సర్వేలు తిరగేస్తే, తాము ఇవాంజెలికల్స్ అని చెప్పుకునేవాళ్ళలో కేథలిక్కులు, ముస్లింలు కూడా కొందరు తేలారు. అంటే కొంతమందికి ఆ మాట రాజకీయ పార్టీ పేరుకి ఇంకో రూపం అయిపోయింది. ఇంతకంటే పెద్ద అతివ్యాప్తి అన్నంభట్టు కూడా ఊహించి ఉండడు.

దీంతో చరిత్రకారులు రెండుగా చీలారు. థామస్ కిడ్ లాంటివాళ్ళు ఓటు వేరు, విశ్వాసం వేరు, మూడు వందల ఏళ్ళ చరిత్రని ఒక ఎన్నికకి కుదించొద్దు అంటారు. క్రిస్టిన్ కోబెస్ డ్యూ మే 2020లో వచ్చిన పుస్తకంలో, పట్టికలు పక్కన పెట్టి వాళ్ళు ఏం కొన్నారో, ఏ రేడియో విన్నారో, ఎలాంటి మగతనాన్ని మెచ్చుకున్నారో చూడమంటుంది. మాథ్యూ సటన్ 2024లో ఇంకా తెగించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఆ పేరుతో నడిచింది తెల్లజాతి, పురుషాధిక్య, జాతీయవాద ఉద్యమం, దానికి వెస్లీ దాకా తాతముత్తాతల్ని అతికించింది చరిత్రకారులే అన్నాడు. బెబింగ్టన్, మార్స్‌డెన్ లాంటివాళ్ళు స్వయంగా విశ్వాసులు కాబట్టి తమ ఇంటికి మంచి వంశవృక్షం గీసుకున్నారన్నది ఈ విమర్శలో ఉన్న ముల్లు.

నా మటుకు సటన్ మాట అమెరికా వరకు, అదీ ఆ కాలం వరకు, చాలా విషయాలు విప్పుతుంది. కానీ దాన్నే ప్రపంచమంతటికీ గంగడోలు చేస్తే అవ్యాప్తి దోషం తప్పదు. నైజీరియా, బ్రెజిల్, కొరియా ఎక్కడికి పోతాయి? ఒంగోలు ఎక్కడికి పోతుంది?

ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మలో

ఈ పరంపర మన నేల మీదికి చట్టం ద్వారా వచ్చింది. ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో మిషనరీలని చాలాకాలం ప్రోత్సహించలేదు, వ్యాపారానికి చేటని భయం. విల్బర్‌ఫోర్స్, ఆయన స్నేహితుడైన కంపెనీ డైరెక్టర్ ఛార్లెస్ గ్రాంట్ 1793లో ప్రయత్నించి ఓడిపోయారు. 1813 చార్టర్ చట్టంలో సాధించారు. ఆ చర్చలో విల్బర్‌ఫోర్స్ హిందూ ధర్మం గురించి చాలా చులకనగా మాట్లాడాడు. బానిస వ్యాపారాన్ని ఆపించిన అదే నోరు. రెండూ అదే నాలుగో గుర్తు నుంచి వచ్చాయి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని దాచిపెట్టే చరిత్ర ఏ వైపువాళ్ళు రాసినా అది సగం చరిత్రే.

చట్టం రాకముందే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ మనుషులు విశాఖపట్నంలో దిగారు. చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నం వచ్చింది, అక్కడి నోబుల్ కాలేజీ పేరు ఆ వచ్చిన ఇద్దరిలో ఒకరిది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు మిషన్ మొదలుపెట్టి నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళ తరబడి చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరికి వచ్చిన తొలి ముఖ్యుడు యర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద. అంతకుముందు రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి, దేవుడొక్కడే అన్న వెతుకులాటలో ఉన్నవాడు. అతని వెంట బంధువులు, బంధువుల ఊళ్ళు కదిలాయి. 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఇప్పుడు మొదటి గుర్తుని ఇక్కడ పెట్టి చూడండి. బెబింగ్టన్ చెప్పిన మనసు మార్పు ఒంటరి మనిషిది, ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక వెస్లీ, ఒక గుండె. ఇక్కడ కులపెద్దలు కూర్చుని మాట్లాడుకుని, పల్లెకి పల్లె కదిలింది. బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం ప్రతి ఒక్కరూ విడిగా నమ్మి ఒప్పుకోవాలి. అందుకే అమెరికాలో వాళ్ళ సొంతవాళ్ళే, ఇంతమందిని ఇంత త్వరగా ఎలా పరీక్షించారు, వీళ్ళలో నిజంగా మారుమనస్సు ఎంతమందికి అని అడిగారు. "అన్నం కోసమేగా" అని మనవైపు నుంచి అడిగే ప్రశ్న, "నిజమైన విశ్వాసులేనా" అని వాళ్ళవైపు నుంచి వచ్చిన ప్రశ్న, చిత్రంగా ఒకే రకం ప్రశ్నలు. రెండూ పేరయ్యని సొంత ఆలోచన లేనివాడిగానే చూస్తాయి. యోగం నేర్చుకున్న, ఊళ్ళు తిరిగిన, తన కులానికి ఒక దారి వెతికిన మనిషి మాట ఈ రెండింటిలోనూ వినపడదు. క్లౌ జ్ఞాపకాలు ఆయన భార్య ఎమ్మా కూర్చగా 1914లో పుస్తకంగా వచ్చాయి. దాని పేరులో "సోషల్" అన్న మాట ఉండటం ఊరికే కాదు. మనసు మార్పు గుంపుగా కూడా జరుగుతుందా అన్నది ఆయనకి ఒంగోలే నేర్పిన ప్రశ్న.

హిందువు అంటే ఎవరు అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకి 1966లో వచ్చింది కూడా ఇలాంటి చోటునుంచే. హరిజనుల ఆలయ ప్రవేశ చట్టం తమకి వర్తించకూడదని, తాము హిందువులం కామని స్వామినారాయణ సత్సంగులు కొందరు వాదించారు. జస్టిస్ గజేంద్రగడ్కర్ తిలక్ ఇచ్చిన నిర్వచనాన్ని తీసుకున్నారు: వేదాల పట్ల గౌరవం, సాధన మార్గాలు అనేకమని ఒప్పుకోవడం, కొలిచే దేవుళ్ళ సంఖ్యకి నియమం లేకపోవడం. సత్సంగులు హిందువులేనని తేల్చారు. తలుపులు తెరవాల్సిందే. ఆ నిర్వచనంలో అవ్యాప్తి, అతివ్యాప్తి ఎక్కడున్నాయో ఒక కాగితం తీసుకుని మీరే పరీక్షించి చూడండి. వచ్చే శుక్రవారం వీడియో తర్కసంగ్రహంలోని హేత్వాభాసాల మీద, అప్పుడు మీ కాగితం దగ్గర పెట్టుకోండి.

శుభం భూయాత్.